ఇంట్లో బాగానే పాడింది కదా!

పోయిన పుష్యమాసంలో మా బరంపురంలో (ఒడిశాలోది) త్యాగరాజ ఆరాధన జరిగింది. ఏటా జరిగేదే, పెద్ద హాలేం కాదు, ఓ కల్యాణమండపం మేడ మీద నూటఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో పెద్దవాళ్ళు, వెనకాల ఫోన్లు పైకెత్తుకుని పిల్లల అమ్మలు. పిల్లలందరికీ వయొలిన్ సహకారం నేనే. పదకొండేళ్ళ పిల్ల ఒకతి ఆరభి రాగంలో ఓ కృతి ఎత్తుకుంది. పల్లవి బ్రహ్మాండం, అనుపల్లవి ఇంకా బ్రహ్మాండం, చరణంలో సగం దాకా కూడా ఏ ఇబ్బందీ లేదు, అక్కడ ఆగిపోయింది. చెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉంది, నోరు తెరిచే ఉంది, మాట మాత్రం రావట్లేదు. ఆ లైను నేను వయొలిన్ మీద మెల్లిగా అందించాను, ఒకసారి, రెండుసార్లు, అందుకోలేదు. మృదంగం ఆయన చిన్న ముక్తాయింపు వేసి ముగించేశాడు. జనం చప్పట్లు కొట్టారు. జాలి చప్పట్లు అసలు చప్పట్ల కన్నా గట్టిగా ఉంటాయి, అది పదకొండేళ్ళ పిల్లకి కూడా తెలిసిపోతుంది.

పొద్దున్న త్యాగరాజు పంచరత్న కృతులు గోష్ఠిగా పాడినప్పుడు ఇదే పిల్ల గొంతు నా వెనకాల ఖంగుమని వినపడింది, అది కూడా చెప్పాలి.

కిందకి దిగాక వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి "ఇంట్లో బాగానే పాడింది మేస్టారూ, ఇవాళ పొద్దున్న కూడా రెండుసార్లు పాడింది, ఒక్క తప్పు లేదు" అంది, దాదాపు క్షమాపణ చెప్తున్నట్టు. పక్కన పులిహోర తింటున్న ఓ పెద్దాయన తల కూడా ఎత్తకుండా "సాధన చాలదమ్మా. సాధనుంటే భయం ఎందుకొస్తాది" అన్నారు. ఆ పిల్ల చెప్పులేసుకుంటూ ఈ రెండూ వింది.

ఈ పోస్టంతా ఆ రెండు మాటల గురించే. ముప్ఫై ఏళ్ళ పైనుంచి నేనూ స్టేజీ మీద వణుకుతున్నవాణ్ణే కాబట్టి నాకో అభిప్రాయం ఉంది: అమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, పెద్దాయన చెప్పింది పెద్ద అబద్ధం. ఆ అబద్ధాన్ని మనం తరాల తరబడి పిల్లలకి ప్రసాదంలా పంచిపెడుతున్నాం.

సాధన చాలదు అనే మాట

సాధన చేస్తే భయం పోయేటట్టైతే ముందు పాబ్లో కసాల్స్ కి పోవాలి. చెల్లో అనే వాద్యానికి గత శతాబ్దంలో ఆయన్ని మించిన పేరు లేదు, తొంభై దాటాక కూడా రోజూ వాయించేవాడు, జీవితమంతా కచేరీకి ముందు భయంతో నలిగిపోయాడు. 1901లో అమెరికాలో సాన్ ఫ్రాన్సిస్కో దగ్గర కొండ మీద ఉండగా రాయి దొర్లి ఎడమచేతి వేలు చితికింది. అప్పుడు ఆయన మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన ఏంటంటే, దేవుడి దయ, ఇంక వాయించక్కర్లేదు అని. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో కళ్ళు తడయ్యాయి, ఎందుకంటే నాకు కూడా కచేరీ రోజున జ్వరం వస్తే బాగుణ్ణు అనిపించిన రోజులు చాలానే ఉన్నాయి. హొరొవిట్జ్ అనే పియానో ఆయన 1953 నుంచి 1965 దాకా పన్నెండేళ్ళు జనం ముందుకే రాలేదు. గ్లెన్ గూల్డ్ అనే ఇంకో పియానో ఆయన 1964లో, ముప్ఫై ఒకటో ఏట కచేరీలు మానేసి మిగతా జీవితమంతా రికార్డింగు స్టూడియోలోనే గడిపేశాడు. వీళ్ళందరికీ సాధన చాలలేదా?

మన వైపు ఇలాంటి కథలు వినపడవు. లేక కాదు, చెప్పుకోరు. మన విద్వాంసుల గురించి రాసిన వ్యాసాల్లో గురుభక్తి ఉంటుంది, నాలుగింటికి లేచి చేసిన సాధన ఉంటుంది, రాజుగారు తొడిగిన కంకణం ఉంటుంది, చేతులు చల్లబడ్డం మాత్రం ఉండదు. దాంతో చేతులు చల్లబడ్డ ప్రతి పిల్లా లోకంలో తనొక్కతికే ఇలా అవుతోందనుకుంటుంది.

ఇక్కడ పెద్దాయనకి ఇవ్వాల్సినది ఇచ్చెయ్యాలి. నిజంగానే సాధన చెయ్యకుండా స్టేజీ ఎక్కి తర్వాత "టెన్షన్ వచ్చేసిందండీ" అనేవాళ్ళున్నారు, నేనూ అన్నాను, రెండుమూడు సార్లు కాదు చాలాసార్లు అన్నాను, అది మర్యాదైన సాకు కదా. రాని పాటకి భయపడ్డం న్యాయమే. నా గొడవ వచ్చిన పాట గురించి.

పర్లాకిమిడిలో కమాను గెంతింది

1989 శ్రీరామనవమి. నాకు పదిహేడేళ్ళు. పర్లాకిమిడిలో పందిరి కింద అరగంట సోలో వాయించమన్నారు. అప్పట్లో నౌపడాలో మెయిన్ లైను దిగి చిన్న రైలెక్కితే ఊగుకుంటూ ఊగుకుంటూ తీసుకెళ్ళేది, ఆ రైల్లో కూర్చున్నప్పట్నుంచే నా వేళ్ళు చల్లబడ్డాయి, చైత్రమాసం ఎండలో. మా గురువుగారు వర్ణంతో, అంటే కచేరీ మొదట్లో వాయించే బాగా అలవాటైన పాటతో, మొదలెట్టమని చెప్పి పంపారు. నేను వినలేదు. పెద్ద విద్వాంసుడిలా కనపడాలని భైరవి రాగం ఆలాపన ఎత్తుకున్నాను, దీర్ఘంగా, మెల్లిగా. కమాను, అదే వయొలిన్ వాయించే పుల్ల, తీగ మీద సగం దూరం వెళ్ళేసరికి గెంతడం మొదలెట్టింది, టకటకటకా, నేను ఎంత గట్టిగా పట్టుకుంటే అంత గెంతింది, మైకులో అది రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు వినపడింది. ముందు వరసలో పిల్లలు నవ్వారు.

అలా ఎందుకవుతుందో తర్వాత తెలిసింది. భయమేసినప్పుడు ఒంట్లోకి అడ్రినలిన్ వస్తుంది, పారిపోవడానికో పోట్లాడ్డానికో పనికొచ్చే సరంజామా అంతా సిద్ధం చేస్తుంది. నెత్తురు చర్మం నుంచి, వేళ్ళ కొసల నుంచి పెద్ద కండరాల వైపు మళ్ళుతుంది, అందుకే వేళ్ళు చల్లబడతాయి. కండరాలకి సన్నటి వణుకొస్తుంది. నోట్లో తడారిపోతుంది. పులి ఎదురొస్తే ఇదంతా మంచిదే. కమాను ఒక్క దీర్ఘ స్వరం మీద వెంట్రుకవాసి తేడా లేకుండా నడపాలంటే మాత్రం ఇంతకన్నా దరిద్రపు ఏర్పాటు ఉండదు. సన్నటి వణుకు వేగంగా వాయించేటప్పుడు కనపడదు, మెల్లిగా, చిన్న గొంతుతో లాగినప్పుడే బయటపడుతుంది. మా గురువుగారికి అడ్రినలిన్ గురించి తెలీదు, వర్ణం గురించి తెలుసు.

ఆ రోజు కచేరీ అయ్యాక పందిరి వెనకాల ఏడుస్తూ కూర్చుంటే గుడి సన్నాయి మేళం తాతొకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. బీడీ ముట్టించుకుని "నాకూ వణుకుతాది బాబూ" అన్నాడు. "యాభై ఏళ్ళనుంచీ వణుకుతాది. నోరెండిపోద్ది, పీక పలకదు." పెళ్ళిళ్ళలో కూడానా తాతా అనడిగాను. "పెళ్ళిలో ఎవుడింటాడు నాయనా, అందరూ పప్పులో నెయ్యి గురించే. దేవుడి పందిట్లో ఇంటారు. ఇన్నప్పుడే భయం." అప్పుడు ఆయన చెప్పింది రెండు ముక్కలు. ఎక్కగానే పాట ఎత్తుకోవద్దు, ఒట్టి షడ్జమం (స) ఊది, అది నిలబడేదాకా అక్కడే ఉండాలి. రెండోది, "అందరూ గాలి పీల్చుకో పీల్చుకో అంటారు. పీల్చకు. వదిలీ. మొత్తం వదిలీ. లోపలికెళ్ళీది అదే ఎళ్తాది."

ఇది ఎంత సరైన మాటో నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. ఊపిరి తీసుకున్నప్పుడు గుండె కాస్త వేగం పెంచుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది, కాబట్టి తీసుకునేదానికన్నా వదిలేది పొడుగ్గా ఉంటే గుండెకి మెల్లగా కళ్ళెం పడుతుంది. కంగారులో గబగబా గుండెల నిండా పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరిగి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, భయం మీద ఇంకో భయం. స్టేజీ పక్కన నిలబడి పిల్లల్ని "గట్టిగా ఊపిరి పీల్చుకో" అనే అమ్మానాన్నలు దయచేసి గమనించండి.

వేలు ఎక్కడుందో చూసుకోకు

వణుకు సగం సంగతే. ఆరాధన రోజు ఆ పిల్లకి వణుకు లేదు, చెయ్యి తాళం తప్పలేదని చెప్పాను కదా. ఆమెకి పోయింది మాట.

ఇక్కడే అమ్మ చెప్పిన "ఇంట్లో బాగానే పాడింది" అనే వాక్యం చాలా లోతైనదని నాకనిపిస్తుంది. బాగా వచ్చిన పాటని మనం పాడం, అది తనంతట తను నడుస్తుంది, సైకిలు తొక్కినట్టు. స్టేజీ ఎక్కగానే, తప్పు పోకూడదు అన్న ఆలోచన రాగానే, నడిచేదాన్ని పట్టుకుని నడిపించడం మొదలెడతాం. మెట్లు దిగుతూ దిగుతూ ఇప్పుడు ఏ కాలు అని ఆలోచించి చూడండి, బోర్లా పడతారు. దీని మీద సియాన్ బైలాక్ అనే ఆవిడా, ఆవిడ తోటివాళ్ళూ 2002లో గోల్ఫ్ ఆటగాళ్ళతో చేసిన ప్రయోగం ఒకటుంది. చెయ్యి కదలిక మీదే దృష్టి పెట్టి కొట్టమంటే చెయ్యి తిరిగినవాళ్ళు చెడగొట్టారు, అదే చెవిలో ఏవో శబ్దాలు వినిపిస్తూ వాటిని గమనించమంటే బాగానే కొట్టారు. ఫుట్‌బాల్ తో చేసిన ఇంకో ప్రయోగంలో కొత్తవాళ్ళకి సరిగ్గా దీనికి తిరగేసి జరిగింది. అంటే నేర్చుకునే రోజుల్లో "వేలు చూసుకో" అనడం సరైన పాఠం, నేర్చుకున్నాక స్టేజీ ఎక్కే ముందు అదే మాట అనడం కాలికి తాడు కట్టడం. చాలామంది గురువులు, నాతో సహా, పిల్లలు స్టేజీ ఎక్కే ఆఖరి నిమిషంలో చెప్పేది ఇదే: "ఆ సంగతి దగ్గర జాగ్రత్త, అక్కడ గాంధారం చూసుకో". ఆ పిల్ల పాట మొదలెట్టినప్పట్నుంచీ ఆ గాంధారం కోసమే ఎదురుచూస్తూ పాడుతుంది, అది వచ్చేలోపు ఇంకోటి పోతుంది.

మరి దృష్టి ఎక్కడ పెట్టాలి? ఎక్కడో ఒక చోట పెట్టాలి కదా, గాల్లో వేలాడదీయలేం. మన పద్ధతిలో దీనికి జవాబు ఎప్పట్నుంచో ఉందేమో అని నాకో అనుమానం. చేత్తో తాళం వెయ్యడం, చెవిలో శ్రుతి (ఆధార స్వరం) మోగుతూ ఉండడం, ఈ రెండూ మన దృష్టిని గొంతులోంచి లాగి బయట పెట్టేవే. కర్ణాటక సంగీత గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగారు ఖాయం చేశారని చెప్పుకునే కచేరీ పద్ధతిలో మొదట వర్ణం, అంటే చిన్నప్పట్నుంచీ వేలసార్లు వాయించి నిద్రలో కూడా వచ్చేది, మధ్యస్థమైన నడకలో, ఆలోచన అక్కర్లేనిది. వణుకు దిగేదాకా దాన్ని వాయిస్తూ కూర్చోవచ్చు, జనం అప్పుడే వస్తూ కుర్చీలు సర్దుకుంటుంటారు. విస్తారమైన రాగం ఆ తర్వాతెప్పుడో. దీన్ని ఎవరూ భయానికి మందని చెప్పి పెట్టి ఉండరు, నేనే అలా చదువుకుంటున్నానేమో కూడా. కానీ పనిచేస్తుంది, 1989లో దాన్ని తీసి పక్కనపెట్టిన నాకు బాగా తెలుసు.

అన్నట్టు మా ఊళ్ళో ఠాకురాణీ జాతర రెండేళ్ళకోసారి వస్తుంది కదా, నెలరోజుల పాటు. మా వీధి టైలరొకడు మొక్కుబడికి పులివేషం కడతాడు. మామూలుగా నలుగురిలో నోరెత్తి మాట్లాడలేనివాడు, డప్పులు మోగుతుంటే నడిరోడ్డు మీద గంటల తరబడి ఆడతాడు. ఎలారా అంటే "రంగు పూసేశాక నేను కాదు కదన్నా" అన్నాడు. శాస్త్రీయ సంగీతం వాళ్ళకి రంగు లేదు, జరీ పంచె ఉంది, అది ఇంకాస్త భయపెడుతుంది.

ఒడియా లిపిలో తెలుగు కృతి

ఆ పిల్ల ఆగిన చోటు సంగతి చూద్దాం. చాలా కృతుల్లో చరణం రెండో సగానికి అనుపల్లవి వరసే మళ్ళీ వస్తుంది, ధాతువు (స్వరాలు) అదే, మాతువు (మాటలు) వేరు. అంటే అదొక జంక్షను, ఒకే పట్టా రెండు ఊళ్ళకి చీలుతుంది. ఇంట్లో కంగారు లేనప్పుడు బండి తనే సరైన వైపు తిరుగుతుంది. స్టేజీ మీద, ఇప్పుడు ఏ మాట అని ఒక్క క్షణం ఆలోచించినా రెండూ కనపడి రెండూ పోతాయి. నేను వయొలిన్ మీద వరస అందించాను గదా, ఆలోచిస్తే అది ఇంకా నష్టమే చేసింది, ఎందుకంటే వరస ఆమెకి తెలుసు, ఆ వరసకి అనుపల్లవి మాటలు కూడా అతుక్కుని ఉన్నాయి. ఆమెకి కావల్సింది మాట, నా వాద్యానికి మాటల్లేవు.

తర్వాతి వారం ఆమె నోటుపుస్తకం తెప్పించి చూశాను. అంతా ఒడియా లిపి. ఇది మా బరంపురం తెలుగువాళ్ళకి కొత్తకాదు, ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా లేకపోతే ఇంగ్లీషు, తెలుగు అక్షరాలు అమ్మమ్మతోనే ఆగిపోయాయి. ఒడియాలో ఎ, ఏ రెంటికీ ఒకటే అక్షరం, ఒ, ఓ రెంటికీ ఒకటే. చదివేటప్పుడు అకారం కూడా కాస్త ఒకారంలోకి జారుతుంది. ఆ లైనుకి అర్థమేంటమ్మా అనడిగాను. తెలీదు మేస్టారూ అంది. ఈ మాటెవరితో అంటున్నాడు? తెలీదు. రాముడితోనేమో అంది, అది ఏ కృతికైనా చెప్పదగ్గ జవాబే.

తప్పు ఆమెది కాదు, నేర్పినవాళ్ళది, అంటే మాది. అర్థం తెలీని మాట అంటే ముందు మాట చివర్న ముడేసిన పూసే, దారం తెగితే అన్నీ దొర్లిపోతాయి. రోజర్ చాఫిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓ పియానిస్టు బాఖ్ సంగీతం ఒకటి బట్టీపట్టడాన్ని మొదట్నుంచి చివరిదాకా రికార్డు చేసి పరిశీలించాడు. రెండేళ్ళు దాటాక ఆవిడని ఆ స్వరాలు గుర్తున్నంతవరకు రాయమంటే, ఒక్కో భాగం మొదలయ్యే చోట్లు బాగా గుర్తున్నాయి, లోపలికి వెళ్ళేకొద్దీ మసకబారాయి. బాగా చేసేవాళ్ళు ఇలాంటి చోట్లని మైలురాళ్ళలా కావాలనే పెట్టుకుంటారు, దారి తప్పితే దగ్గర్లో ఉన్న రాయి దగ్గరికి గెంతొచ్చు. ఆ పిల్లకి ఉన్న మైలురాయి ఒక్కటే, పల్లవి. ఇంట్లో ఎక్కడ తప్పు పోయినా మొదటికి వెళ్ళి పాడుకుంటుంది, మనమంతా అలాగే చేస్తాం, అందుకే ప్రతి పాటా మొదటి సగం వెయ్యిసార్లు వచ్చి ఉంటుంది, రెండో సగం మూడొందలసార్లు.

మాత్ర

దీని గురించి రాయకూడదని మా ఆవిడ అంది. రాస్తాను.

1998లో రేడియో ఆడిషన్ కి విశాఖ వెళ్ళేముందు బంధువుల్లో ఒక డాక్టరుగారిని అడిగితే, ఆయన బీపీ చూసి, ఉబ్బసం ఉందా అని రెండుసార్లు అడిగి, చిన్న డోసు ప్రొప్రనొలాల్ రాసిచ్చారు. 1960ల్లో జేమ్స్ బ్లాక్ గుండెజబ్బు కోసం కనిపెట్టిన మందు, దానికి ఆయనకి 1988లో నోబెల్ వచ్చింది. అడ్రినలిన్ వెళ్ళి తలుపు తట్టే చోట్లని ఇది ముందే ఆక్రమించి కూర్చుంటుంది, దాంతో గుండె దడదడలాడదు, చెయ్యి వణకదు. కండరాన్ని వణికించే తలుపూ ఊపిరితిత్తుల గొట్టాలని తెరిచి ఉంచే తలుపూ ఒకే రకం, అందుకే ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇది ప్రమాదం. అమెరికా ఆర్కెస్ట్రాల్లో 1987లో జరిగిన పెద్ద సర్వేలో 27 శాతం మంది ఈ రకం మందు అప్పుడప్పుడైనా వాడతామన్నారు, వాళ్ళలో చాలామందికి డాక్టరు చీటీ లేదు. అక్కడ ఇది రహస్యం కూడా కాదు.

నా సంగతి. స్టూడియోలో ఎర్రలైటు వెలిగింది, చెయ్యి రాయిలా ఉంది, కమాను వెన్న మీద కత్తిలా సాగింది, జీవితంలో అంత నిలకడగా ఎప్పుడూ వాయించలేదు. అలా నిలకడగా వాయిస్తూ వాయిస్తూ కల్పనస్వరాల (అప్పటికప్పుడు అల్లుకునే స్వరాల) మధ్యలో ఎక్కడున్నానో మర్చిపోయాను. చెయ్యి వణక్కుండా మర్చిపోయాను, అదే తేడా. తర్వాత ఆ క్యాసెట్ విన్నాను, ఉప్పు లేని ఉప్మాలా ఉంది. మందుది తప్పని అనను, దాని పని అది చేసింది. మరుపు నాది.

మాత్ర వేసుకోవడం మోసమా అని మా మిత్రుల మధ్య పెద్ద గొడవ. నేను ఒకప్పుడు మోసమే అనేవాణ్ణి, ఇప్పుడు అనలేను. కళ్ళజోడు పెట్టుకుని నోటేషన్ చదివితే మోసం కాదు గదా. ఉద్యోగం ఆ పదినిమిషాల మీదే ఆధారపడ్డవాడికి నీతులు చెప్పడానికి నాకు, సాయంత్రం పూట వాయించుకునే గుమాస్తాకి, హక్కులేదు. కానీ పిల్లలకి మాత్రం వద్దు. ఇంకో పిల్లవాడి తండ్రి "ఏదో మాత్రుందట కదా మేస్టారూ" అని ఫోన్ చేశాడు, ఆ గుంటడు ఇన్హేలరు వాడతాడు! పక్కింటివాడు చెప్పాడని మెడికల్ షాపులో అడిగి వేసే మందు కాదిది.

హుషారుగా ఉంది అనమన్నారు

2014లో హార్వర్డ్ లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ ఒక సరదా ప్రయోగం చేసింది. కొత్తవాళ్ళ ముందు కరావోకే పాడించి కంప్యూటరుతో మార్కులేయించింది. పాడేముందు కొందరిని "నాకు భయంగా ఉంది" అనమంది, కొందరిని "నాకు హుషారుగా ఉంది" అనమంది, కొందరిని ఏమీ అనద్దంది. హుషారన్నవాళ్ళకి సుమారు 80, ఊరుకున్నవాళ్ళకి 69, భయమన్నవాళ్ళకి 53 వచ్చాయి. వాదన ఏంటంటే, గుండె దడని తగ్గించడం కష్టం, దాని పేరు మార్చడం తేలిక, రెంటిలోనూ ఒళ్ళు చేసేది ఒకటే.

నాకు ఇది సగం నచ్చింది. శాంతంగా ఉండు, శాంతంగా ఉండు అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది, కాబట్టి అది వదిలెయ్యమనడం మంచిదే. కానీ కరావోకే తెలీనివాళ్ళ ముందు, ఒక్కసారి. మన పిల్లల ముందు కూర్చునేది పెద్దనాన్న, ట్యూషను మాస్టారు, పోటీ పిల్ల తల్లి. వీళ్ళు రేపు కూరగాయల బజార్లో కూడా కనపడతారు. ఆ పిల్లని "హుషారుగా ఉంది" అని పదిసార్లు అనమంటే పదకొండోసారి పకపకా నవ్వింది. నవ్వితే ఊపిరి బయటికొస్తుంది, కాబట్టి దండగ పోలేదు.

ఆదివారం మేడమెట్లు

మాఘమాసం నుంచి ఆదివారాలు ఐదుగురు పిల్లల్ని మా ఇంటికి రమ్మంటున్నాను. పాఠం చెప్పను, పాఠం వాళ్ళ గురువులు చెప్తారు. ఇక్కడ భయం సాధన చేస్తాం. మూడంతస్తుల మెట్లు గబగబా ఎక్కి వచ్చి, రొప్పుతూనే కూర్చుని, ఒక్కసారి ఊపిరి వదిలి షడ్జమం పట్టుకుని పాట ఎత్తుకోవాలి. గుండె దడలో పాడ్డం ఎలా ఉంటుందో ఒంటికి తెలియాలి కదా, ఇంట్లో సోఫాలో కూర్చుని పాడితే తెలీదు. వయొలిన్ పిల్లలైతే ఐసునీళ్ళలో చేతులు ముంచి తుడుచుకుని వాయించాలి. చరణం నుంచి మొదలెట్టమంటాను, చరణం రెండో సగం నుంచి, నేను చిటికేసిన చోటు నుంచి. ప్రతి లైనుకీ అర్థం తెలుగులోనో ఒడియాలోనో వాళ్ళ మాటల్లో చెప్పాలి. ఎదురింటి నుంచి ఓ రిటైర్డు ఒడియా మాస్టారు వచ్చి చేతులు కట్టుకుని మొహంలో ఏ భావం లేకుండా కూర్చుంటారు, ఆయన అసలు మొహమే అంత పాపం, కానీ పిల్లలకి జడ్జిలా కనపడతారు. ఒక్కటే అవకాశం, తప్పు పోతే ఆగకూడదు, క్షమించండి అనకూడదు, నాలిక కరుచుకోకూడదు, దగ్గర్లో ఉన్న రాయి మీదికి గెంతాలి.

మొదట్లో స్టీలుపళ్ళెం కూడా పడేసేవాణ్ణి, మధ్యలో, ధబేలుమని. ఒక పిల్లవాడు అదిరిపడి ఏడ్చాడు, మరుసటి ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారం కూడా. వాళ్ళ నాన్న మర్యాదగానే పరీక్షలని చెప్పాడు. పళ్ళెం మానేశాను. నాకు ఇప్పటికీ తేలట్లేదు, భయాన్ని అలవాటు చెయ్యడం ఎక్కడ ఆగుతుంది, బెదిరించడం ఎక్కడ మొదలవుతుంది. అసలు ఆ పిల్లవాడికి స్టేజీ ఎందుకు? గూల్డ్ మానేస్తే మేధావి అన్నాం, మన గుంటడు మానేస్తే పిరికివాడంటామా? ఇంట్లో అమ్మమ్మకి పాడుకుంటే సంగీతం కాకుండా పోతుందా? ఇవన్నీ నన్ను నేనే అడుక్కుంటున్నాను, జవాబులున్నాయని కాదు.

శ్రీరామనవమికి ఆ పిల్ల మళ్ళీ పాడింది, అదే ఆరభి, వాళ్ళ వీధి పందిట్లో. ఆమే అడిగింది, నేను చెప్పలేదు. శ్రుతి ఫోన్లో పెట్టాం, చరణంలోకి రాగానే ఎవరో ఆ ఫోనుకి కాల్ చేశారు, శ్రుతి టప్పున ఆగి, రింగుటోను మోగింది. నా గుండె జారిపోయింది, కమాను మీద చెయ్యి చల్లబడింది, ఆ పిల్ల మాత్రం తాళం వేస్తూనే సాగిపోయింది. జంక్షను దాటింది. దాటాక ఎక్కడో మామూలు చోట, ఎవరూ అనుకోని చోట, ఒక మాట తప్పి రెండు అక్షరాలు ఉహూ అని నడిపించి పై లైను మీదికి గెంతింది. ముందు వరసలో ఎవరికీ తెలీలేదు, మృదంగం ఆయన మాత్రం నావైపు చూసి కనుబొమ్మలెగరేశాడు.

అయిపోయాక వాళ్ళమ్మ వడపప్పు పొట్లం నా చేతిలో పెడుతూ "ఇంట్లో ఇంతకన్నా బాగా పాడుతుంది మేస్టారూ" అంది. అవునమ్మా అన్నాను. పానకం తాగి, కమాను వదులు చేసి పెట్టెలో పెట్టుకున్నాను. వేళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి.